పార్సిమొనీ : కార్పణ్యమా? లాఘవమా?

ఆంగ్లభాషలో ‘పార్సిమొనీ’ అను పదమొకటి కలదు. నిఘంటువు తెరచిన విద్యార్థికి మొదట కనబడు అర్థములు లోభము, పిసినారితనము. ఆ అర్థమునే మనసున నిలుపుకొని ఆతడు తర్కమునో జీవశాస్త్రమునో చదువబూనినచో, అచ్చట ‘పార్సిమొనీ సూత్రము’ ఒక గొప్ప నియమముగా పేర్కొనబడుటను చూచి విస్తుపోవును. లోభము శాస్త్రమునకు సూత్రమెట్లగును? పిసినారితనమును పండితులేల మెచ్చుకొందురు? ఒకే పదము లోకమున నిందకును, శాస్త్రమున ప్రశంసకును పాత్రమగుటకు కారణమేమి? దానిని తెలుగు చేయువాడు ఏ పదమును గ్రహింపవలెను? ఈ ప్రశ్నలకు సమాధానము ఆంగ్లనిఘంటువులందు కంటె సంస్కృతశాస్త్ర సంప్రదాయమునందే స్పష్టముగా లభించుచున్నది. ఏలయన, ఆంగ్లము ఒక్క పదముతో సరిపుచ్చుకొనిన చోట సంస్కృతము రెండు పదములను వేరువేరుగా నిలిపినది. అవి కార్పణ్యము, లాఘవము.

పదస్వరూపము

పార్సిమొనీ పదమునకు మూలము లాటిను భాషలోని ‘పార్సిమోనియా’. దాని ధాతువు ‘పార్కెరె’. విడిచిపెట్టుట, ముట్టకుండుట, మితముగా వాడుట అని ఆ ధాతువునకు అర్థములు. ఓడిన శత్రువును చంపక విడుచుటయందును, గాదెలోని ధాన్యమును వెచ్చింపక నిలుపుటయందును రోమకులు ఈ ధాతువునే వాడిరి. ‘మోనియా’ అనునది భావార్థకమగు ప్రత్యయము. కావున ‘వెచ్చింపక నిలుపు గుణము’ అనునదే ఈ పదమునకు అవయవార్థము. ఇందు నింద ఏ మాత్రమును లేదు. ధ్వనిసామ్యమును బట్టి ‘పలుచనైన’ అను అర్థముగల ‘స్పార్స్’ అను ఆంగ్లపదమును దీనికి చుట్టముగా భావించుట పొరపాటు. అది ‘చల్లుట’ అను అర్థముగల వేరొక లాటిను ధాతువునుండి పుట్టినది. అట్లే ‘స్పేర్’ అను పదము అర్థమున దగ్గరయైనను, జర్మానిక శాఖకు చెందినదే కాని ఈ ధాతువునుండి వచ్చినది కాదు.

రోమకులకు పార్సిమోనియా ఒక సద్గుణము. క్రీ.పూ. 46లో రచించిన ‘పారడాక్సా స్టోయికోరం’ అను గ్రంథమున సిసెరో, పొదుపు ఎంత గొప్ప ఆదాయమో జనులు గుర్తింపకున్నారని వాపోయెను. సెనెకా తన మొదటి లేఖలో, పాత్ర అడుగంటిన పిమ్మట పొదుపు చేయుట వ్యర్థమను ప్రాచీనోక్తిని స్మరించెను. దానికి మూలము గ్రీకుకవి హెసియడ్ వాక్యము. సెనెకా చెప్పినది ధనమును గూర్చి మాత్రమే కాదు, కాలమును గూర్చి. ఆయుర్దాయము చివరి బిందువులకు వచ్చిన తరువాత కాలమును పొదుపు చేయువానికి మిగులునది కొంచెమేకాక, మిక్కిలి నాసియైనది కూడ అని ఆతని తాత్పర్యము.

ఆంగ్లమున అర్థపరిణామము

ఈ పదము క్రీ.శ. 15వ శతాబ్ది పూర్వార్ధమున ఆంగ్లములో ప్రవేశించినది. ‘పార్సిమోనియస్’ అను విశేషణము 16వ శతాబ్ది చివర పుట్టినది. చాలకాలము ఈ పదము ప్రశంసకును నిందకును సమానముగా ఒదిగినది. ఆడం స్మిత్ 1776లో ప్రకటించిన ‘వెల్త్ ఆఫ్ నేషన్స్’ ద్వితీయ భాగమున, మూలధనము పెరుగుటకు సాక్షాత్కారణము శ్రమ కాదు, పార్సిమొనీయే అని ప్రతిపాదించెను. శ్రమచే వస్తువు సిద్ధించును కాని, దానిని వెచ్చింపక నిలిపినగాని మూలధనముగా నిలువదని ఆతని వాదము. ఇది స్పష్టముగా ప్రశంస.

ఇరువది సంవత్సరములకు, 1796లో, ఎడ్మండ్ బర్క్ ఒక ప్రభువునకు వ్రాసిన లేఖలో వేరొక మాట చెప్పెను. కేవలము వెచ్చింపకుండుట ఎకానమీ కాదనియు, ఒక్కొక్కప్పుడు పెద్ద వ్యయమే నిజమైన ఎకానమీలో ముఖ్యాంగము కావచ్చుననియు ఆతని అభిప్రాయము. పార్సిమొనీకి దూరదృష్టి గాని, వివేచనశక్తి గాని అక్కరలేదని ఆతడు తేల్చెను. స్మిత్ పొగడిన గుణమునే బర్క్ చులుకన చేసినట్లు తోచును. సూక్ష్మముగా చూచినచో ఇరువురును ఒకే వస్తువును గూర్చి మాటాడలేదు. స్మిత్ చూచినది అనవసరవ్యయమును మానుటను. బర్క్ చూచినది అవసరవ్యయమును సైతము మానుటను. పదమొక్కటి, పదార్థములు రెండు.

నేటి లోకవ్యవహారమున మనుష్యుని గుణముగా చెప్పినపుడు ఈ పదము సాధారణముగా నిందార్థకమే. దాని స్థానమును గుర్తించుటకు ఇరుగుపొరుగు పదములను చూడవలెను. ‘ఫ్రుగాలిటీ’ ఫలము, పంట అను అర్థముగల లాటిను శబ్దమునుండి వచ్చి, సాదాజీవనమును మెచ్చుకొనును. ‘థ్రిఫ్ట్’ వర్ధిల్లుట అను అర్థముగల ‘థ్రైవ్’ అను పదమునకు సోదరి. అది పొదుపరి యొక్క నేర్పును తెలుపును. ‘ఎకానమీ’ గ్రీకుభాషలో గృహనిర్వహణమని అర్థమిచ్చును. ఈ మూడును మంచి మాటలే. వీనికి ఆవలితీరమున ‘మైజర్’ అనగా పరమలోభి ఉన్నాడు. పార్సిమొనీ ఈ రెండు తీరములకు నడుమ, లోభమునకు మిక్కిలి దగ్గరగా నిలిచినది. ధనమును గూర్చియేకాక ఇతర విషయములందును దీనిని వాడుదురు. శిష్యులను మెచ్చుకొనుటకు మనసొప్పని గురువును ‘ప్రశంసలందు పార్సిమోనియస్’ అందురు. అచ్చట నింద సగము, చమత్కారము సగము.

కృపణుడు, కదర్యుడు, మితంపచుడు

‘మైజర్’ అను పదమునకు లాటినులో మూలార్థము ‘దీనుడు’. సంస్కృతమున ‘కృపణ’ శబ్దచరిత్రము కూడ అట్టిదే. కృపా శబ్దమునకు దగ్గరి చుట్టమైన ఈ పదము మొదట ‘జాలిపడదగినవాడు’ అను అర్థమును తెలిపి, పిమ్మట లోభియందు రూఢమైనది. బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు గార్గితో, అక్షరతత్త్వమును తెలియకయే ఈ లోకమును విడుచువాడు కృపణుడని చెప్పెను. శంకరభగవత్పాదులు అచ్చట వెలకు కొనబడిన దాసుని దృష్టాంతముగా చూపిరి. భగవద్గీతలో అర్జునుడు చెప్పుకొనిన కార్పణ్యదోషము ధనలోభము కాదు, దైన్యము. వైష్ణవసంప్రదాయమున షడ్విధ శరణాగతిలో కార్పణ్యము ఒక అంగము. అచ్చట అది దోషము కాకపోగా, తన అకించనత్వమును భగవంతునియెదుట ఒప్పుకొను వినయము. కావున తెలుగున ‘కార్పణ్యము’ అను పదమును లోభార్థమున వాడువాడు ఈ భేదములను ఎరిగి వాడవలెను.

శుద్ధమైన నిందార్థము ‘కదర్య’ శబ్దమునందున్నది. కుత్సితుడైన అర్యుడు కదర్యుడు. పాణిని సూత్రముచే ‘కు’ అనుదానికి ‘కత్’ ఆదేశమగును. కౌటిల్యుడు అర్థశాస్త్రము ద్వితీయాధికరణమున ధనమును చెరచువారిని ముగ్గురినిగా విభజించెను. తండ్రితాతల సొమ్మును అన్యాయముగా తినివేయువాడు మూలహరుడు. వచ్చినది వచ్చినట్లే తినువాడు తాదాత్వికుడు. భృత్యులను, తనను పీడించుకొనుచు ధనమును కూడబెట్టువాడు కదర్యుడు. ఈ లక్షణమున గమనింపదగినది ‘కూడబెట్టుట’ కాదు, ‘పీడ’. ధర్మశాస్త్ర వ్యాఖ్యాతలు భార్యాపుత్రులను, ధర్మకృత్యములను కూడ ఈ పీడ పాలగువానిలో చేర్చిరి. తన కోరికను తగ్గించుకొనువానిని ఎవ్వరును కదర్యుడనలేదు. తనపై ఆధారపడినవారి కూటికి కోతపెట్టి, దానికి పొదుపు అని పేరు పెట్టువాడే కదర్యుడు.

ఇట్టివానిని ప్రాచీనులు చోరునితో సమముగా ఎంచిరి. ఛాందోగ్యమున అశ్వపతి కైకేయుడు తన రాజ్యమున లేనివారిని పేర్కొనుచు చోరుని వెంటనే కదర్యుని చెప్పెను. మనువు కదర్యుని అన్నమును నిషేధించెను. వేదము చదివిన కదర్యుని అన్నమును, దాతయైన వడ్డీవ్యాపారి అన్నమును దేవతలు తూచి సమానమని నిర్ణయింపగా, ప్రజాపతి ఆ తీర్పును త్రోసిపుచ్చెను. దాత అన్నము శ్రద్ధచే పవిత్రమనియు, రెండవది అశ్రద్ధచే చెడినదనియు ఆయన సమాధానము. విద్య సైతము లోభదోషమును కప్పలేదని దీని భావము.

అమరసింహుడు కదర్య, కృపణ, క్షుద్ర, కింపచాన, మితంపచ శబ్దములను ఒక్కచోట పర్యాయములుగా చేర్చెను. వీనిలో ‘మితంపచ’ ప్రస్తుతవిషయమునకు మిక్కిలి ఉపకరించును. మితముగా వండునది మితంపచ. మిత, నఖ శబ్దములు ఉపపదములుగా ఉండగా పచ్ ధాతువునకు ఖశ్ ప్రత్యయమును పాణిని తృతీయాధ్యాయమున విధించెను. తినువారిని లెక్కించి, దానికి తగినట్లు బియ్యము కొలిచి వండు ఇల్లాలికి ఇది తగిన బిరుదు. అవయవార్థమున దోషమేమియు లేదు. అయినను కోశమున ఈ పదము లోభివాచకమైనది. అతిథి వచ్చినను కొలత పెంచనివానియందు ఈ పదము రూఢమైనదని ఊహింపవచ్చును. యోగార్థమున గుణము, రూఢ్యర్థమున దోషము: పార్సిమొనీ పదమునకు పట్టిన గతియే మితంపచ శబ్దమునకును పట్టినది. మితము గుణమే, మితము నిలువవలసిన చోటు తప్పినపుడు దోషము.

శాస్త్రమున లాఘవము

సంస్కృతము లోభవాచకములను లోకమునకు విడిచి, శాస్త్రమునకు ‘లాఘవ’ శబ్దమును ప్రత్యేకించినది. ఇచ్చట తెలుగువారికి ఒక హెచ్చరిక అవసరము. వాడుకలో గౌరవము పూజ్యతను తెలుపును. లాఘవము చేతినేర్పునో, చులుకనతనమునో తెలుపును. శాస్త్రమున అట్లు కాదు. గురువు అనగా బరువైనది, లఘువు అనగా తేలికయైనది. కల్పనయందు బరువు పెరుగుట గౌరవము, అది దోషము. అదే ఫలమును తక్కువ కల్పనతో సాధించుట లాఘవము, అది గుణము.

వైయాకరణులు అర్ధమాత్ర తగ్గినను పుత్రోత్సవమువలె సంతోషింతురని నాగేశభట్టు పరిభాషేందుశేఖరపు తుదిపరిభాష చెప్పుచున్నది. పాణిని పదునాలుగు మాహేశ్వరసూత్రములనుండి అచ్, హల్, ఇక్, యణ్ మొదలగు ప్రత్యాహారములను ఏర్పరచి, దీర్ఘమైన వర్ణపట్టికలను ఒక్కొక్క అక్షరపుముడిలో బంధించెను. అచ్చు పరమగునపుడు ఇ, ఉ, ఋ, ఌ వర్ణములకు క్రమముగా య, వ, ర, ల వర్ణములు వచ్చునని చెప్పుటకు ఆయనకు మూడు పదములే చాలినవి. పూర్వసూత్రమునందలి పదము అనువృత్తిచే దిగువకు వచ్చును గాన దానిని మరల చెప్పడు. తెలుగున చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున ఈ మార్గమునే అనుసరించెను. పరుషములకు వచ్చు అయిదు ఆదేశములు ‘గసడదవ’ అను ఒక్క గుత్తిలో ఇమిడినవి. ‘బహుళము’ అను ఒక్క మాట కార్యము వచ్చుట, రాకపోవుట, వికల్పించుట, వేరొకటి కలుగుట అను నాలుగింటిని సూచించును.

నైయాయికులు ఈ లాఘవమును శరీరకృతము, ఉపస్థితికృతము, సంబంధకృతమని మూడు విధములుగా విభజించిరి. కారణముయొక్క స్వరూపము చిన్నదగుట మొదటిది. అది బుద్ధికి శీఘ్రముగా తోచుట రెండవది. కార్యముతో దాని సంబంధము దగ్గరిదగుట మూడవది. కుండ పుట్టుటకు దండము కారణమా, దండమునందలి రంగు కారణమా అని ప్రశ్నించినపుడు దండమే కారణమందురు. రంగును కారణమనినచో దండముద్వారా సుదీర్ఘమైన సంబంధమును చెప్పవలసివచ్చును. మట్టిని మోసుకొనివచ్చిన గాడిద ఈ ఒక్క కుండకు ముందు ఉన్నమాట నిజమే. కాని గాడిద లేకయే ఇతరఘటములు పుట్టుచుండగా, తప్పనిసరిగా అంగీకరింపవలసిన కారణములతోనే ఈ కుండయు సిద్ధించును గాన, గాడిద అన్యథాసిద్ధము. దానిని కారణములలో చేర్చుట గౌరవము. ఇది కుమ్మరికి గాడిద వద్దను లోభము కాదు; కారణవిచారమున అక్కరలేనిదానిని మోయరాదను వివేకము.

పాశ్చాత్యులందును 14వ శతాబ్దికి చెందిన ఆకమ్ విలియం అవసరము లేనిదే బహుత్వమును అంగీకరింపరాదని బోధించెను. పదార్థములను అవసరమునకు మించి పెంచరాదను ప్రసిద్ధరూపము మాత్రము ఆతని గ్రంథములలోనిది కాదు. అది 1639లో జాన్ పంచ్ అను ఐర్లండు పండితుని వ్యాఖ్యానమున ఉన్నది. 19వ శతాబ్దిలో సర్ విలియం హామిల్టన్ దీనిని ‘పార్సిమొనీ నియమము’ అని వ్యవహరించెను. 1894లో లాయిడ్ మోర్గన్, జంతువు యొక్క చేష్టను తక్కువస్థాయి మనోవ్యాపారముతో వివరింపగలిగినపుడు హెచ్చుస్థాయిదానిని కల్పింపరాదని నియమించెను. జీవజాతుల వంశవృక్షములను నిర్ణయించువారు 20వ శతాబ్ది ఉత్తరార్ధమున, అతితక్కువ మార్పులతో సరిపడు వృక్షమునే గ్రహించు పద్ధతిని పెంపొందించి దానికి ‘మాక్సిమమ్ పార్సిమొనీ’ అని పేరిడిరి. ఇన్ని చోట్లను ఈ పదమునకు అర్థము లాఘవమే కాని లోభము కాదు.

లాఘవమునకు హద్దు

ఐనను లాఘవము స్వయముగా ప్రమాణము కాదు. నైయాయికమతమున అది ప్రమాణమునకు తోడ్పడు తర్కము మాత్రమే. రెండు కల్పనలును దృష్టమైన విషయమును సమానముగా ఉపపాదించినపుడు లఘువైనదానిని గ్రహింపవలెను. ప్రత్యక్షసిద్ధమైనదానిని లాఘవము పేరుతో త్రోసివేయరాదు. ప్రమాణసిద్ధమైన ఫలమునకై వచ్చిన బరువును ‘ఫలముఖగౌరవము’ అందురు. అది దోషము కాదు. పాణిని సైతము లాఘవమునకై ‘టి’, ‘ఘు’, ‘భ’ వంటి చిన్న సంజ్ఞలను చేసియు, ‘సర్వనామ’ వంటి పెద్ద సంజ్ఞను కూడ చేసెను. సంజ్ఞాకరణము లాఘవమునకే కదా, ఇంత పెద్ద సంజ్ఞ ఏల అని భాష్యకారుడు ప్రశ్నించి, అది అన్వర్థము కావలెననియే అట్లు చేయబడినదని సమాధానము చెప్పెను. అనగా పేరు వినినంతనే ‘అన్నింటికిని పేరగునది’ అను అర్థము తోచును. నాలుగక్షరముల వ్యయముచే ఒక గొప్ప ప్రయోజనము లభించినది. పెద్ద వ్యయమే నిజమైన ఎకానమీ కావచ్చునని బర్క్ చెప్పిన మాటకు ఇంతకంటె చక్కని ఉదాహరణము దొరకదు.

ఆధునికశాస్త్రజ్ఞులును ఈ హద్దును గుర్తించిరి. వంశవృక్షనిర్ణయమున కొన్ని పరిస్థితులందు అతితక్కువ మార్పుల పద్ధతి తప్పు వృక్షమునే చూపుననియు, ఎంత హెచ్చుగా సాక్ష్యము చేర్చినను ఆ తప్పే దృఢపడుననియు జోసెఫ్ ఫెల్సెన్‌స్టీన్ 1978లో గణితరీత్యా నిరూపించెను. ప్రకృతి మానవుని సౌలభ్యమునకై లఘుమార్గముననే నడువవలెనను నియమము లేదు.

తెలుగున వాడదగిన పదములు

తెలుగువారు లోభిని ‘ఎంగిలిచేత్తో కాకిని తోలనివాడు’ అందురు. ఈ జాతీయమున లోభలక్షణము సంపూర్ణముగా ఉన్నది. చేతికంటిన నాలుగు మెతుకులు రాలినను ఇంటివానికి నష్టము లేదు, కాకికి మాత్రము లాభమున్నది. తనకు అక్కరలేనిదానిని కూడ పరులకు దక్కనీయకుండుటయే పిసినారితనము. పొదుపరి ఇందుకు విరుద్ధముగా, అక్కరలేనిచోట ఆపి అక్కరకు ఒదవునట్లు దాచును. కావున మనుష్యుని నిందించు సందర్భమున పార్సిమొనీకి ‘లోభము’, ‘పిసినారితనము’ అనునవి తగును. స్మిత్ వంటివారి ప్రశంసావాక్యములందు ‘పొదుపు’, ‘మితవ్యయము’ అనవలెను. శాస్త్రనియమమైనపుడు ‘లాఘవము’ లేదా ‘కల్పనాలాఘవము’ అనవలెను. కేవలము లాఘవమనిన చేతినేర్పు అని భ్రమ కలుగుచోట రెండవదియే మేలు.

ఈ విభాగము పదములకు మాత్రమే పరిమితము కాదు. అన్నింటికిని ‘లోభము’ అను ఒక్క పదమునే వాడినచో విద్యార్థికి శాస్త్రనియమము పండితుల చాదస్తముగా తోచును. అన్నింటికిని ‘పొదుపు’ అనినచో, పనివాని కూలిని, ఇంటివారి మందును తగ్గించు కదర్యునికి సద్గుణియను బిరుదు దక్కును. మొదటిది బుద్ధికి హాని, రెండవది ధర్మమునకు హాని. రెండింటినుండి తప్పించు ప్రశ్న ఒక్కటే: తగ్గించబడినది అవసరమైనదా, కాదా? అవసరము కానిదానిని తగ్గించినచో వంటింట మితవ్యయము, శాస్త్రమున లాఘవము. అవసరమైనదానిని తగ్గించినచో ఇంటిలో కార్పణ్యము, శాస్త్రమున అనుపపత్తి. కొలిచి వండుట మితంపచకు దోషము కాదు. ఆకలిగొన్నవాడు వాకిట నిలిచినపుడును కొలపాత్రనే చూచుట దోషము.